చెనిక్కాయ చేనులో 5 మీటర్ల చదరం: సుఖాత్మె గారు కట్టిన లెక్క

పెన్నహోబిలం_మాస్టారు

అందరికీ నమస్కారం. చెనిక్కాయ (వేరుశనగ) పీకుడు మొదలైంది, ఊళ్లలో పంట కోత ప్రయోగాలూ మొదలయ్యాయి, అంటే కొన్ని చేలలో కొంచెం చోటు కోసి తూచి ఊరి దిగుబడిని, దాన్ని బట్టి బీమాను తేల్చే పని. దిగుబడి లెక్క తప్పు, అందుకే బీమా రాలేదు అని ఏటా అందరం వాదించుకుంటాం. అసలు ఆ లెక్క ఎవరు కట్టారో, ఎందుకు అట్లా కట్టారో మాత్రం డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివే పిల్లలకు కూడా తెలియడం లేదు. అనంతపురంలో ఆ పాఠమే చెప్పేవాడిని, నాకు ఇది బాధగా ఉంటుంది. అందుకే ఆ లెక్క కట్టిన గణాంక శాస్త్రవేత్త పాండురంగ వాసుదేవ్ సుఖాత్మె గారి గురించి నాలుగు మాటలు.

1911లో సతారా జిల్లాలోని బుధ్ అనే పల్లెలో పుట్టారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో నేమన్, ఈగన్ పియర్సన్ లాంటి వాళ్ల దగ్గర చదివి డాక్టరేట్ తీసుకున్నారు. 1940 నుంచి 1951 దాకా వ్యవసాయ పరిశోధన మండలిలో గణాంక విభాగాన్ని నిలబెట్టారు. ఆ తర్వాత రోమ్‌లో ఎఫ్‌ఏవో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) గణాంకాల పని చూశారు. శాంప్లింగ్ (కొన్నిటిని ఎంచి చూసి మొత్తం అంచనా కట్టడం) మీద 1954లో ఆయన రాసిన పుస్తకం ఎన్నో దేశాల్లో పాఠ్యపుస్తకమైంది.

ఆయన రాకముందు పంట అంచనా ఎట్లా ఉండేదంటే, దేశంలో చాలాచోట్ల అణాల లెక్క. నిండు పంట అంటే పదహారణాలు. గ్రామోద్యోగి చేను గట్టు మీద నిలబడి చూసి ‘ఈసారి పదణాల పంట’ అని రాస్తే, మామూలు దిగుబడిని దానితో గుణించి జిల్లా లెక్క తేల్చేవాళ్లు. కరువు అని రాస్తే శిస్తు తగ్గించాలి, పంట బాగుందని రాస్తే పైవాళ్లకు సంతోషం. కంటి అంచనాలో చూసేవాడి భయమూ ఆశా రెండూ కలుస్తాయి.

సుఖాత్మె గారు, ఆయనతో పనిచేసిన పాన్సే గారు దీని స్థానంలో తెచ్చిన పద్ధతిలో ఎవరి ఇష్టానికీ చోటు లేదు. తాలూకాను ఒక భాగంగా తీసుకుంటారు, మనకైతే ఇప్పుడు మండలం. అందులో ఊళ్లను, ఊళ్లో సర్వే నంబర్లను, చేనులో ఒక చదరాన్ని, మూడింటినీ యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక (చీటీలు తీసినట్టు ఏ వరసా లేకుండా వచ్చిన సంఖ్యలు) చూసే ఎంచుతారు.

చేనులో జరిగేది ఇది. నైరుతి మూల దగ్గర మొదలుపెట్టాలి. పొడవు ఎన్ని అడుగులో, వెడల్పు ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టాలి. పట్టికలో వచ్చిన రెండు సంఖ్యల ప్రకారం పొడవు వెంట ఇన్ని అడుగులు, లోపలికి ఇన్ని అడుగులు నడిచి, ఆగిన చోట మొదటి మేకు కొట్టాలి. అక్కడి నుంచి టేపుతో 5 మీటర్లు, 5 మీటర్లు. మూలమట్టం సరిగ్గా ఉందా లేదా తెలియాలంటే ఎదురెదురు మేకుల మధ్య 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. రాకపోతే అది చదరం కాదు, మేకులు సర్దుకోవాలి. తాడు బిగించి, లోపల ఉన్న ప్రతి చెట్టూ పీకి, బుడ్డలు (కాయలు) కోసి తూకం వేయాలి. 25 చదరపు మీటర్లు అంటే హెక్టారులో 400వ వంతు. రెండున్నర కిలోలు వస్తే హెక్టారుకు 1000 కిలోలు, ఎకరాకు సుమారు 405 కిలోలు.

మేకు ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరికీ తెలియకపోవడమే దీని బలం. ఇదొక్కటి పట్టు తప్పితే మిగిలిన సూత్రాలన్నీ దండగ.

బెళుగుప్ప_రైతు

మాస్టారూ, మీరు రాసింది చదివాను, బాగుంది. కానీ నా మాట కూడా వినండి. రెండేళ్ల కింద మా ఊర్లో తగిలిన సర్వే నంబర్లలో ఒకటి బోరు కింద చేను. ఊర్లో ముప్పాతిక మంది వానను నమ్ముకుని విత్తనం వేసినోళ్లం. ఊడలు దిగే టైంలో చినుకు లేదు, నా ఎర్రనేలలో చెట్టుకు నాలుగు బుడ్డలు కూడా లేవు. ఆ బోరు చేనులో మాత్రం చెట్టు నిండా కాయ. ఆ తూకం ఊరందరి మీదా పడింది.

పట్టికలో ఏ నంబరు వస్తే ఆ చేను అంటే అది మాకు లాటరీ లాగా ఉంది సార్. ఊర్లో పెద్దమనుషులు నలుగురు, వ్యవసాయ సహాయకులు కూర్చుని, మధ్యరకం చేను ఇదీ అని చూపిస్తే సరిపోదా? ఏ చేను ఎట్లా పండిందో మాకు తెలిసినంత పట్టికకు తెలుస్తుందా?

ఆదోని_అబ్బాయి

అన్నా, నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నా. మీరు అడిగిన ప్రశ్ననే వందేళ్ల కింద ఇటలీలో నిజంగా చేసి చూశారు. 1921 జనాభా లెక్కల కాగితాలు దాచడానికి చోటు లేక, కొన్ని మాత్రం ఉంచుకుందామని గీనీ, గల్వానీ అనే ఇద్దరు 214 జిల్లాల లాంటి ప్రాంతాల్లోంచి 29 ఎంచారు. వయసు, పుట్టుకలు, చావులు ఇట్లాంటి ఏడు విషయాల్లో దేశ సగటుకు దగ్గరగా వచ్చేలా చూసి మరీ ఎంచారు. ఆ ఏడూ కలిశాయి. వేరే ఏ విషయం తీసినా దేశంతో కలవలేదు, ఎచ్చుతగ్గులైతే అసలే కలవలేదు.

1934లో నేమన్ గారు రాసిన పేరున్న పేపర్‌లో ఈ ఉదాహరణే తీసుకుని, చూసి ఎంచడం కంటే యాదృచ్ఛికంగా ఎంచడం ఎందుకు మేలో గణితంతో చూపించారు. సుఖాత్మె గారు ఆ తర్వాతి ఏడాదే, చదువుకునే రోజుల్లోనే, దాన్ని ముందుకు తీసుకెళ్తూ పేపర్ రాశారు. అంటే ఆయన ఇండియాకు వచ్చింది ఈ ఆలోచనతోనే.

మధ్యరకం చేను అని నలుగురూ చూపిస్తే తప్పు ఎంత ఉందో లెక్కకట్టే దారే ఉండదు అన్నా. లాటరీలో తప్పు ఉంటుంది, కానీ అది ఎంతో చెప్పగలం.

అయితే మీ బోరు చేను సంగతిలో న్యాయం ఉంది. ఒక ఊర్లో నీళ్ల కింద చేలు, వాన చేలు రెండు రకాలుగా ఉన్నప్పుడు రెండింటినీ ఒకే సంచిలో వేసి చీటీ తీయకూడదు. విడగొట్టి, ఒక్కోదాని విస్తీర్ణం ప్రకారం బరువు ఇవ్వాలి. స్ట్రాటిఫికేషన్ అని క్లాసులో చెప్పేది ఇదే.

పెన్నహోబిలం_మాస్టారు

శభాష్ తమ్ముడూ. బెళుగుప్ప అన్నగారూ, మీ ఫిర్యాదు పట్టిక మీద కాదు, విడగొట్టకపోవడం మీద పెట్టండి. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వం చేసే పంట నమోదులో) నీటి వసతి ఉందా, వర్షాధారమా అని ఎట్లాగూ రాస్తున్నారు. ఆ వివరం వాడుకోవచ్చు.

ఇక సుఖాత్మె గారి పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతికి వస్తాను. ఆయనకూ, కలకత్తాలోని మరో పెద్ద గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారికీ 1940ల్లో పెద్ద వాదన నడిచింది. మహలనోబిస్ గారి కలకత్తా బృందం చేనులో చిన్న చిన్న వృత్తాలు గీసి కోసేది. తేలిక, ఖర్చు తక్కువ, రోజుకు ఎక్కువ చేలు చూడొచ్చు. సుఖాత్మె గారు కాదన్నారు. గోధుమ పొలాల్లో చిన్న ప్లాట్లు, పెద్ద ప్లాట్లు పక్కపక్కన కోయించి చూశారు. చిన్నవి దిగుబడిని బాగా ఎక్కువ చేసి చూపించాయి, ప్లాటు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది. దాని మీద 1946లో నేచర్ పత్రికలో రాశారు.

కారణం గీత దగ్గర ఉంది. తాడు కింద సగం లోపల, సగం బయట ఉన్న చెట్టును ఏం చేస్తాం? బాగా కాసిన చెట్టు కదా అని చెయ్యి దాన్ని లోపలికే లాగుతుంది. ఇందులో మోసం లేదు, మనిషి గుణం అంతే. ఇప్పుడు లెక్క చూడండి. రెండడుగుల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఒక్కో చదరపు మీటరుకు మూడు మీటర్ల పైచిలుకు గీత వస్తుంది. మన 5 మీటర్ల చదరంలో అదే చదరపు మీటరుకు 80 సెంటీమీటర్లు. గీత నాలుగో వంతుకు తగ్గింది కాబట్టి గీత మీద జరిగే తప్పు కూడా తగ్గుతుంది.

ఇది పుస్తకాల గొడవ అనుకోవద్దు. ఒక ఊర్లో బీమాకు హామీ దిగుబడి, అంటే ఇంతకన్నా తగ్గితే పరిహారం ఇచ్చే హద్దు, హెక్టారుకు 1000 కిలోలు అనుకోండి. నిజంగా పండింది 800. అంటే 20 శాతం నష్టం, బీమా మొత్తం 40,000 అయితే 8,000 రూపాయలు రావాలి. గీత మీది చెట్లు లోపలికి లాగి దిగుబడి పదిశాతం పెరిగిందనుకోండి, 880 రాస్తారు. నష్టం 12 శాతం, చేతికి వచ్చేది 4,800. దిగుబడిలో తప్పు పదిశాతమే, రైతుకు పోయింది 40 శాతం.

కడప_పాతసర్వే

ఆలస్యంగా చూశాను. నేను ఉద్యోగం అంతా సర్వేల్లో ఇంటింటికీ, చేనుచేనుకూ తిరిగినవాణ్ని, రిటైరై కడపలో ఉంటున్నా. మాస్టారు సుఖాత్మె గారి పక్షం బాగా చెప్పారు. మహలనోబిస్ గారి పక్షం కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఆయన బెంగాల్‌లో జనపనార పంట విస్తీర్ణం కొలవడం 1937లో చిన్నగా మొదలుపెట్టి, ఏటేటా పెంచుకుంటూ 1941 నాటికి రాష్ట్రమంతా చేశారు. ముందు చిన్న నమూనా సర్వే చేసి, ఎంత ఖర్చుకు ఎంత కచ్చితత్వం వస్తుందో తేల్చుకుని, ఆ తర్వాతే పెద్ద సర్వేకు దిగాలి అన్నది ఆయన పట్టు. డబ్బు లెక్కను, తప్పు లెక్కను ఒకే కాగితం మీదకు తెచ్చారు. 1944లో రాయల్ సొసైటీ పత్రికలో ఆ పని అంతా వచ్చింది. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే పుట్టిందంటే ఆయన చలవే. మన సి.ఆర్. రావు గారు పెరిగింది కూడా ఆయన నీడలోనే. రావు గారు పుట్టిన హడగలి అప్పటి బళ్లారి జిల్లాలోది, అంటే మన దత్త మండలాల మనిషే.

చిన్న వృత్తాల మీద ఆయన జవాబు ఏమిటంటే, శిక్షణ ఉన్న సొంత సిబ్బంది జాగ్రత్తగా కోస్తే గీత తప్పు రాదు, మిగిలిన డబ్బుతో ఇంకో పది ఊళ్లు చూడొచ్చు అని. సుఖాత్మె గారేమో ఊళ్లో ఉన్న రెవెన్యూ, వ్యవసాయ సిబ్బందితోనే పని జరగాలి, మామూలు మనిషి చేసినా చెడని పద్ధతి కావాలి అన్నారు. ఇద్దరిదీ తెలివైన మాటే. ఫీల్డులో తిరిగినవాడిగా ప్లాటు విషయంలో నేను సుఖాత్మె గారి వైపే. ఎండలో, సాయంత్రం బస్సుకు టైమవుతుంటే, శిక్షణ ఎంత ఉన్నా చెయ్యి తొందరపడుతుంది.

కానీ మహలనోబిస్ గారిది ఒకటి మనం వదిలేశాం, అది నాకు కొరత. ఒకే ప్రాంతాన్ని రెండు విడి శాంపిళ్లుగా చేసి, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలకు అప్పగించేవారు. ఇద్దరి లెక్కలూ దగ్గరగా వస్తే నమ్మొచ్చు. దూరంగా వస్తే ఎక్కడో ఏదో జరిగిందని రైతుకైనా కలెక్టరుకైనా ఒక్క చూపులో అర్థమవుతుంది, సూత్రాలు తెలియక్కర్లేదు. మండలంలో కోతలన్నీ ఇట్లా రెండు జట్లుగా చేసి, రెండు సగటులూ పంచాయతీ గోడ మీద అంటిస్తే సగం గొడవలు అక్కడే తెగిపోతాయి.

గుత్తి_వ్యవసాయసహాయకురాలు

సార్, నేను ఆ మేకులు కొట్టే మనిషిని. మీరంతా రాస్తుంటే మా పని ఇంతమందికి అక్కర ఉందని సంతోషంగా ఉంది. ఫీల్డులో జరిగేవి చెప్తాను.

మొదటిది, మేము వెళ్లేసరికి చేను పీకేసి ఉంటుంది. వాన వస్తుందని భయం, కూలీలు దొరికిన రోజే పీకాలి, రైతును ఏమీ అనలేం. అప్పుడు పక్క చేను బాగుంది కదా, అది కోసేద్దాం అంటారు పక్కనున్నవాళ్లు. అట్లా చేయకూడదు. బదులు నంబరు కూడా పట్టిక నుంచే తీయాలి. దగ్గరగా ఉందనో, రోడ్డు పక్కన ఉందనో మారిస్తే మొదటి నుంచి చేసిందంతా పోతుంది.

రెండోది, కంది సాళ్లు. మన దగ్గర చెనిక్కాయలో కంది కలిపి వేస్తారు కదా. చదరంలో కంది సాలు పడితే, ఆ చోట చెనిక్కాయ ఉండదు కాబట్టి జరుపు మేడమ్ అని రైతే అంటాడు, ఇంకొకరు వద్దంటారు. జరపను. సాలు పడితే పడనీ, చేను అట్లానే ఉంది కదా.

మూడోది మాస్టారు చెప్పిన గీత. చెనిక్కాయ కొమ్మలు తాడు దాటి పాకుతాయి. నేను కొమ్మ చూడను, మొదలు చూస్తాను. మొదలు లోపల ఉంటే చెట్టు మొత్తం లోపలే, బయట ఉంటే మొత్తం బయటే. పీకాక భూమిలో తెగి ఉండిపోయిన బుడ్డలు కూడా తవ్వి ఏరిస్తాను. అవి వదిలేస్తే తక్కువ వస్తుంది, అది కూడా తప్పే.

టెన్షన్ ఏంటంటే చేనులో రెండు వైపుల నుంచీ మాట్లాడతారు. తూకం తగ్గాలని ఒకరు, పెరగాలని ఒకరు. ఇప్పుడు యాప్‌లో లొకేషన్, ఫొటోలు పడుతున్నాయి కాబట్టి కొంత నయం. ఫొటోలో మేకు కనిపిస్తుంది గానీ నేను ఎన్ని అడుగులు నడిచానో కనిపించదు. అది మా నిజాయితీ మీదే ఉంది.

బెళుగుప్ప_రైతు

అమ్మా, మీలాంటివాళ్లు ఊరికొకరు ఉంటే మేము ఇంత మాట్లాడే పనే లేదు.

ఇంకొక్కటి అడుగుతా. ఊరికి నాలుగు కోతలు. మా ఊరు పెద్దది, చెనిక్కాయే వందల ఎకరాలు. నాలుగు చదరాలు కలిపినా రెండున్నర సెంట్లు కూడా కావు. ఇంత ఊరికి అంతే చాలా?

ఆదోని_అబ్బాయి

అన్నా, ఊరు ఎంత పెద్దది అన్నది పెద్దగా పట్టింపు కాదు. చేనుకూ చేనుకూ తేడా ఎంత, కోతలు ఎన్ని అన్న రెండే ముఖ్యం. ఊళ్లో చేల దిగుబడి సగటు చుట్టూ 40 శాతం అటూ ఇటూ ఊగుతుందనుకోండి. నాలుగు కోతల సగటులో ప్రామాణిక దోషం, అంటే ఆ సగటు మామూలుగా ఎంత అటూ ఇటూ తప్పొచ్చో చెప్పే కొలత, 40ని రెండుతో భాగిస్తే వచ్చేది, 20 శాతం. దాన్ని 10కి తేవాలంటే పదహారు కోతలు కావాలి. తప్పును సగం చేయాలంటే పని నాలుగింతలు.

వానకు నమ్మకం లేని మన జిల్లాలో ఒకే ఊళ్లో ఒక మూల తడుస్తుంది, ఇంకో మూల దుమ్ము లేస్తుంది. అందుకే మన దగ్గర నాలుగు తక్కువే.

పెన్నహోబిలం_మాస్టారు

అవును, ఈ విషయంలో అన్నగారి మాటే నిజం. సుఖాత్మె గారి పద్ధతి జిల్లాకు, రాష్ట్రానికి దిగుబడి ఎంతో చెప్పడానికి పుట్టింది. జిల్లా మొత్తం మీద వందల కోతలు ఉంటాయి, సగటు గట్టిగా నిలుస్తుంది. అదే కొలతను బీమా కోసం మండలానికి, తర్వాత పంచాయతీకి దించారు. 1985లో పంటల బీమా వచ్చినప్పుడు యూనిట్ (మొత్తానికి ఒకే దిగుబడి లెక్క వేసే ప్రాంతం) పెద్దది. 2016 నాటి ఫసల్ బీమాలో ముఖ్యమైన పంటలకు ఊరే యూనిట్, కనీసం నాలుగు కోతలు. ఊరికి దగ్గరగా రావడం రైతుకు మంచిదే, మంచి ఉద్దేశంతోనే చేశారు. కానీ కొలత పలచబడింది.

ఇక్కడే మన తెలుగాయన పని అక్కరకొస్తుంది. ఏలూరులో పుట్టిన జె.ఎన్.కె. రావు గారు, కెనడాలో కార్లటన్ యూనివర్సిటీ ప్రొఫెసర్. 1962లో హార్ట్లే, కాక్రన్‌లతో కలిసి ఆయన ఇచ్చిన ఎంపిక పద్ధతి ఇప్పటికీ పాఠాల్లో ఉంది. ఆయన ఎక్కువ కాలం పనిచేసింది చిన్న ప్రాంతాల అంచనా మీద. ఒక ఊళ్లో కోతలు తక్కువైతే ఆ ఊరి కోతలనే నమ్ముకోకుండా, పక్క ఊళ్ల కోతలు, వాన లెక్క, నేల రకం, ఉపగ్రహం చూపే పచ్చదనం కలిపి ఒక మోడల్ కట్టాలి. ఊరి సొంత సగటు ఎంత గట్టిదో చూసి దానికి అంత బరువు, మోడల్‌కు మిగిలిన బరువు. సొంత కోతలు పెరిగేకొద్దీ ఊరి మాటే చెల్లుతుంది. అట్లా వచ్చిన అంచనాలో తప్పు ఎంతో కూడా చెప్పాలని ఆయన పట్టుబట్టారు.

కడప_పాతసర్వే

దాంట్లో ఒక ప్రమాదం ఉంది మాస్టారూ. వడగళ్లు ఒక్క ఊరి మీదే పడ్డాయనుకోండి. పక్క ఊళ్లు బాగున్నాయి కాబట్టి మోడల్ ఆ ఊరి దిగుబడిని పైకి లాగుతుంది. నష్టపోయిన ఊరికే మళ్లీ నష్టం.

ఉపగ్రహం సంగతి కూడా అంతే. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమకు టెక్నాలజీతో కట్టిన దిగుబడికి కనీసం 30 శాతం బరువు ఇవ్వమన్నారు. వరి పైన కంకిలో పండుతుంది. చెనిక్కాయ భూమిలో పండుతుంది, పైన ఆకు పచ్చగా ఉన్నా కింద బుడ్డ డొల్ల కావచ్చు. మన పంటకు తాడూ మేకులూ ఇంకా చాలాకాలం కావాలి.

పెన్నహోబిలం_మాస్టారు

ఒప్పుకుంటాను. వడగళ్ల లాంటి ఒక్క ఊరి నష్టానికి విడిగా పరిశీలన ఉండాల్సిందే, సగటు పద్ధతి దాన్ని పట్టలేదు. మిగతా సంవత్సరాల్లో మాత్రం నాలుగు కోతల మీద ఒంటరిగా నిలబడే లెక్క కన్నా రావు గారి దారే మేలని నా అభిప్రాయం. మోడల్‌కు దిగువన ఉండేది మళ్లీ సుఖాత్మె గారి చదరమే. అది చెడితే ఉపగ్రహం కూడా చెడిన లెక్కే నేర్చుకుంటుంది.

బెళుగుప్ప_రైతు

సరే సార్, నాకు అర్థమైనంతలో మేము చూసుకోవాల్సినవి: నంబరు పట్టిక నుంచే వచ్చిందా, నైరుతి మూల నుంచి నడిచారా, ఎదురు మేకుల మధ్య 7 మీటర్ల 7 సెంటీమీటర్లు ఉందా, గీత మీది చెట్టుకు మొదలు చూశారా. ఈసారి మా ఊరి కోతలకు నేనూ వెళ్లి నిలబడతా. గొడవకు కాదు, చూడటానికి.

ఒక అనుమానం మిగిలింది. పీకిన రోజే తూకం వేస్తారు కదా, బుడ్డ తడిగా ఉంటుంది. ఆ బరువే రాసుకుని పోతే దిగుబడి ఎక్కువ పడదా?

గుత్తి_వ్యవసాయసహాయకురాలు

పడుతుంది అన్నా, అందుకే పచ్చి తూకం ఒక్కటే సరిపోదు. పచ్చి బుడ్డలు తూచి రాసుకుని, గుడ్డ సంచిలో కట్టి చీటీ పెట్టి, బరువు ఇక తగ్గడం లేదు అనేదాకా ఎండబెట్టి మళ్లీ తూకం వేయాలి. ఆ ఎండు బరువుతోనే దిగుబడి కట్టాలి. వాన పడిన వారంలో పీకిన చేనైతే తేడా చాలా వస్తుంది. మీరు వెళ్లినప్పుడు పచ్చి తూకం ఎంతో మీ ఫోన్‌లో రాసుకోండి, సంచి ఎక్కడ ఆరబెడుతున్నారో అడగండి, రెండో తూకం ఎప్పుడో కనుక్కుని ఆ రోజు కూడా రండి. చాలామంది రైతులు మొదటి రోజు వస్తారు, రెండో తూకానికి ఎవరూ రారు.